చెరిపిన చోటే గీత నల్లబడుతుంది

తనను తాను బొమ్మలో చూపించుకోవాలని కూర్చున్న మనిషి మొదట చేసే పని దాదాపు ఎప్పుడూ ఒకటే. మాట్లాడే భాష, చేసే ఉద్యోగం, ఇష్టమైన పుస్తకం, నమ్మే దేవుడు, వినే సంగీతం అంటూ మనసులో ఒక జాబితా రాసుకుంటారు. ఆ తర్వాత ఒక్కోదానికి ఒక్కో గుర్తు వెతికి కాగితం మీద సర్దుతారు. బడిలో 'నేనెవరు' అనే అంశం మీద బొమ్మ వేయమంటే పిల్లలు ఇలాగే వేస్తారు, పెద్దలు కొలాజ్ అతికించేటప్పుడూ ఇలాగే చేస్తారు. అలా తయారైన బొమ్మలో అబద్ధమేమీ ఉండదు గానీ, అందులోని వీణ, పుస్తకం, భూగోళం, ఎగిరే పక్షి మరో వెయ్యి మందికి కూడా అంతే చక్కగా సరిపోతాయి. చేసినవారి గురించి కొంత సమాచారం తెలుస్తుంది తప్ప వారిని కలుసుకున్నట్టు అనిపించదు.

స్వయంగా చేసిన బొమ్మలో మనిషి తాలూకు ప్రత్యేకత, అందులో ఏ వస్తువులు పెట్టారన్న దానిలో కన్నా, చేస్తున్నప్పుడు తీసుకున్న చిన్న చిన్న నిర్ణయాల్లోనే ఎక్కువగా ఉంటుందని నా అభిప్రాయం. చేయి ఎక్కడ తటపటాయించింది, దేన్ని పదేపదే దిద్దారు, దేన్ని చూసీ చూడనట్టు వదిలేశారు, దేన్ని దాచబోయి దాచలేకపోయారు అన్నవే ఆ మనిషిని పట్టిస్తాయి. ఇవి ముందుగా వేసుకున్న ఏ ప్రణాళికలోనూ ఉండవు. కాబట్టి బొమ్మ పూర్తయ్యాక మనకు కనిపించే మనిషి, మొదలుపెట్టినప్పుడు మనం చూపించాలనుకున్న మనిషి కాకపోవచ్చు.

కొన్నేళ్ల కిందట అద్దం ముందు కూర్చుని పెన్సిల్‌తో నా ముఖం గీసుకునే ప్రయత్నం చేశాను. నా ఎడమ కనురెప్ప కుడిదానికన్నా కాస్త వాలి ఉంటుంది. ముక్కు, గడ్డం, నుదురు ఒక గంటలో కుదిరాయి, ఆ రెప్ప దగ్గర మాత్రం రెండు సాయంత్రాలు గడిచిపోయాయి. ఉన్నది ఉన్నట్టు గీస్తే నిద్రమొహంలా అనిపించింది, కాస్త పైకెత్తి గీస్తే ఆ ముఖం మరెవరిదో అయింది. చెరుపుతూ, గీస్తూ, మళ్లీ చెరుపుతూ పోయాను. రబ్బరుతో ఒకే చోట రుద్దుతూ పోతే కాగితం పైపొర లేచి లోపలి పీచు బయటపడుతుంది. పెన్సిల్ పొడిని ఆ పీచు మామూలు కాగితం కన్నా ఎక్కువగా పట్టేసుకుంటుంది కనుక, అక్కడ ఎంత తేలిగ్గా గీసినా గీత నల్లగా, మొరటుగా పడుతుంది. చివరికి ఎవరి కంటా పడకూడదని నేను అంతగా పాటుపడిన ఆ రెప్పే కాగితం మొత్తంలో అన్నిటికన్నా నల్లటి చోటుగా మిగిలింది. ఆ బొమ్మ చూసిన మా అక్క 'ఇది నాన్న కన్ను కదరా' అంది. ఆ పోలిక నాకు అప్పటిదాకా తట్టనే లేదు.

జర్మన్ చిత్రకారుడు ఆల్బ్రెక్ట్ ద్యూరర్ 1484లో, పదమూడేళ్ల వయసులో, అద్దంలో చూసుకుంటూ తన బొమ్మ తాను గీసుకున్నాడు. ఆ చిత్రం నేటికీ వియన్నాలోని ఆల్బర్టీనా మ్యూజియంలో ఉంది. పూత పూసిన కాగితం మీద వెండి మొనతో గీసిన బొమ్మ అది. ఆ పద్ధతిలో ఒకసారి పడిన గీతను చెరపడం దాదాపు అసాధ్యం కాబట్టి, ఆ కుర్రవాడి సంకోచాలు, ధీమా రెండూ అలాగే నిలిచిపోయాయి. పదహారేళ్ల తర్వాత, 1500లో, క్రీస్తు చిత్రాల్లో మాదిరిగా సూటిగా ఎదురుగా చూస్తూ ఆయన వేసుకున్న స్వీయచిత్రం నైపుణ్యంలో దీనికి ఎన్నో రెట్లు మిన్న. అయినా మనిషి కోసం వెతికేవారికి నేను ఆ పసివాడి బొమ్మనే ముందు చూపిస్తాను. పెద్దవాడు తానేమిటో ప్రకటిస్తున్నాడు, చిన్నవాడు ఇంకా కనుక్కుంటున్నాడు.

అలాగని గుర్తులకు విలువ లేదనడం నా ఉద్దేశం కాదు. మెక్సికో చిత్రకారిణి ఫ్రీదా కాలో చిత్రాల నిండా గుర్తులే. అయితే ఆమె వాటిని వాడిన తీరు వేరు. 1939లో, భర్త దియేగో రివేరాతో విడాకులైన ఏడాది, ఆమె వేసిన 'ఇద్దరు ఫ్రీదాలు' చిత్రాన్ని కాసేపు నిదానంగా చూడాలి. ఒక ఫ్రీదా ఐరోపా తరహా తెల్లని గౌను వేసుకుంది, మరో ఫ్రీదా మెక్సికోలోని తెవానా స్త్రీల దుస్తుల్లో ఉంది. తండ్రి జర్మనీ నుంచి వచ్చినవాడని, తల్లి వైపు మెక్సికో మూలాలున్నాయని చెప్పడానికి ఈ రెండు దుస్తులు చాలు. జాబితాతో తృప్తిపడే చిత్రకారులైతే అక్కడితో ఆపేసేవారు. ఆమె మాత్రం ఇద్దరి గుండెలనూ బయటపెట్టి, వాటిని ఒకే రక్తనాళంతో కలిపింది. ఆ నాళం ఒక కొస తెవానా ఫ్రీదా చేతిలో ఉన్న దియేగో చిన్ననాటి బుల్లి చిత్రం దగ్గర మొదలవుతుంది, రెండో కొసను తెల్లగౌను ఫ్రీదా శస్త్రచికిత్సలో వాడే పట్టుకారుతో నొక్కి పట్టుకుంది. అయినా రక్తం ఆగడం లేదు, చుక్కలుగా గౌను మీద పడుతూనే ఉంది. గౌను అంచున కుట్టిన ఎర్రటి పూలకూ ఆ రక్తపు మరకలకూ తేడా చప్పున తెలియదు. నా దృష్టిలో ఆ చిత్రానికి ప్రాణం అక్కడే ఉంది. తన దుస్తుల మీది అలంకారాన్నీ తన గాయాన్నీ ఒకే ఎరుపుతో వేయాలన్న ఆలోచన ఏ జాబితాలోనూ దొరకదు. 1925 నాటి బస్సు ప్రమాదం తర్వాత నెలల తరబడి మంచం పట్టి, శస్త్రచికిత్సల మధ్యే బతికిన మనిషి చేతికి ఆ పట్టుకారు ఎంత పరిచయమైన వస్తువో కూడా మరిచిపోకూడదు.

ఒక గుర్తు మన సొంతం కావాలంటే అది మన జీవితంలోని మరో వస్తువుతో తగిలి, దాంతో ఘర్షణ పడాలి. భాషను చూపించడానికి అక్షరాలు గీస్తే అవి అక్షరాలుగానే ఉండిపోతాయి. ఆ భాషలో అమ్మకు చివరిగా రాసిన ఉత్తరం మడతల వెంట అవే అక్షరాలు విరిగిపోతే అక్కడొక మనిషి కనబడుతుంది.

'నాకు గీయడం రాదు' అన్న మాట దగ్గర చాలామంది ఆగిపోతారు. దీనికి జవాబుగా రవీంద్రనాథ్ ఠాగూర్ రాతప్రతులను చూడవచ్చు. చిత్రకళలో శాస్త్రీయ శిక్షణ లేని ఆయన, 1924 ప్రాంతంలో 'పూరబి' కవితలు రాస్తూ కొట్టివేసిన పదాలను ఒకదానితో ఒకటి కలిపి, పక్షులుగా, వింత జంతువులుగా మలచసాగారు. కొట్టివేతలు కాగితాన్ని అందవిహీనం చేస్తున్నాయన్న బాధతో మొదలైన ఆ పని, అరవై ఏళ్లు దాటాక ఆయనను చిత్రకారుడిగా నిలబెట్టింది. 1930లో పారిస్‌లో ఆయన చిత్రాల ప్రదర్శన జరిగింది. నైపుణ్యం అక్కర్లేదని నేను అనడం లేదు. చేయి సాధనతో ఎంత వశమైతే అంత సూక్ష్మమైన సంగతి పట్టుకోగలుగుతుంది. కానీ రాని చేయి కూడా ఒకరి చేయే. అది తడబడే తీరు మరొకరి తడబాటులా ఉండదు.

మన ముఖం గురించి మనకు తెలిసినదే ఒక విచిత్రమైన తెలివిడి. మోడళ్లకు డబ్బు ఇచ్చుకోలేక డచ్ చిత్రకారుడు విన్సెంట్ వాన్ గో అద్దంలో తననే చూసుకుంటూ 1886 నుంచి 1889 మధ్య దాదాపు 35 స్వీయచిత్రాలు వేశాడు. 1888 డిసెంబరులో ఆయన కోసుకున్నది ఎడమ చెవి. తర్వాతి నెలలో వేసిన చిత్రాల్లో మాత్రం కట్టు కుడి చెవికి ఉన్నట్టు కనిపిస్తుంది, ఎందుకంటే అది అద్దం చూపించిన ముఖం. ఎదుటివారెవరూ ఎన్నడూ చూడని, తనకు మాత్రమే తెలిసిన ముఖాన్ని ఆయన లోకానికి చూపించాడు.

ఇప్పుడు నాలుగు వాక్యాలు టైపు చేస్తే కృత్రిమ మేధ మన పేరిట ఒక చిత్రాన్ని క్షణాల్లో తయారుచేస్తోంది. వచ్చిన నాలుగింటిలో ఒకటి ఎంచుకోవడం కూడా నిర్ణయమే కదా అని వాదించేవారున్నారు. అది నిజమే, ఆ ఎంపికను నేను చిన్నచూపు చూడను. అయితే అక్కడ మనకు ఏదీ ఎదురు తిరగదు. కాగితం చిరగదు, రంగు అనుకోని చోటికి పాకదు, వాలిన రెప్ప దగ్గర రెండు సాయంత్రాలు కూర్చోవలసిన పని పడదు. పైగా అలాంటి యంత్రం లక్షలాది బొమ్మల్లో తరచుగా కనిపించిన పోలికల వైపు మొగ్గుతుంది కాబట్టి, ఎవరూ ప్రత్యేకంగా అడగకపోతే నా రెప్పను కూడా సరిచేసే ఇస్తుంది. అది తప్పని చెప్పేవాడు లేక, నేనూ ఆ ముఖాన్నే మెచ్చుకుని దాచుకునే ప్రమాదం ఉంది.

ఈ విషయం ఆలోచించిన ప్రతిసారీ నాకు విలియం ఉటర్‌మోలెన్ గుర్తొస్తాడు. అమెరికాలో పుట్టి లండన్‌లో స్థిరపడిన ఈ చిత్రకారుడికి 1995లో అల్జీమర్స్ వ్యాధి ఉందని తేలింది. ఆ తర్వాత కొన్నేళ్లపాటు, చేయి మాట విన్నంతకాలం, ఆయన తన ముఖాన్ని వేస్తూనే ఉన్నాడు. ఏడాదికేడాది ఆ చిత్రాల్లో కొలతలు తప్పుతాయి, లోతు పోతుంది, కన్ను, ముక్కు, నోరు ఒకదాన్నొకటి విడిచిపెడతాయి. ఏ వివరాల జాబితాతో మనం మనల్ని చెప్పుకుంటామో ఆ వివరాలన్నీ ఆయన నుంచి ఒక్కొక్కటిగా జారిపోతున్న కాలమది. 1999 నాటి స్వీయచిత్రానికి 'చెరిపివేసిన స్వీయచిత్రం' అని పేరు. అందులో ముఖాన్ని పోల్చుకోవడం కష్టం. వేసిన రంగును మళ్లీ తుడిచేసిన జాడలు తెలుస్తాయి, ఆ జాడల మధ్య ఒక తల ఆకారం ఇంకా ఉంది.