పడుకుంటేనే పలికే బీమా

2025 ఏప్రిల్‌లో ఆయుష్మాన్ భారత్, గోపబంధు జన ఆరోగ్య యోజన అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా పథకాలు ఒడిశాలో కలిసి మొదలయ్యాక పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు తెలుగు కుటుంబాలలోనూ కార్డుల మాట ఎక్కువైంది. కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు, మహిళలకు అదనంగా మరో 5 లక్షలు. అంకె ఘనంగానే ఉంది. అయితే ఆ కార్డును జేబులో పెట్టుకుని వెళ్లినా, షుగరు రోగి నెలనెలా మందుల దుకాణంలో కట్టే బిల్లు ఒక్క రూపాయి తగ్గదు.

కారణం పథకంలోనే ఉంది. ఆయుష్మాన్ ఆసుపత్రిలో చేరినవారికే పలుకుతుంది. చేరడానికి ముందు 3 రోజులు, ఇంటికి వచ్చాక 15 రోజుల మందుల వరకు దాని లెక్కలోకి వస్తాయి. పదహారో రోజు నుంచి ఎవరి మందులు వారివే. బీపీ, షుగరు, థైరాయిడ్, మూర్ఛ ఉన్నవారిలో చాలామంది ఏళ్ల తరబడి మంచం ఎక్కరు, మాత్ర మానరు. వారికి ఈ కార్డు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. సొంత డబ్బుతో కొనుక్కునే ప్రైవేటు పాలసీలదీ చాలావరకు ఇదే తంతు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియంపై జీఎస్టీ ఎత్తేశారు, సంతోషం. నన్నడిగితే, అదే రోజు చాలా మందులపై జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గడమే ఇలాంటి రోగులకు ఎక్కువ మేలు.

నెలాఖరులో ఏ మందుల దుకాణం దగ్గరైనా కాసేపు నిలబడి చూడండి. చీటీలో నెలకు రాసిన మాత్రలు పది రోజులకే అడుగుతారు. దుకాణదారుడు కత్తెరతో స్ట్రిప్పును రెండు ముక్కలు చేస్తాడు. ఒక్కోసారి గడువు తేదీ ఉన్న ముక్క దుకాణంలోనే ఉండిపోతుంది. మిగతా ఇరవై రోజుల మాత్రలు కొందరు డబ్బు చేతికందాక కొంటారు, కొందరు అసలు కొననే కొనరు. అలా మానేస్తూ పోతే కొందరికి కిడ్నీలు దెబ్బతింటాయి. అప్పుడు కార్డు మేలుకుంటుంది. మాత్రకు పైసా ఇవ్వని పథకం డయాలిసిస్‌కు మాత్రం ఇస్తుంది!

జాతీయ ఆరోగ్య ఖాతాల ప్రకారం దేశంలో వైద్య వ్యయంలో జనం జేబు నుంచి పెట్టే వాటా 2013–14లో 64.2 శాతం, 2021–22లో 39.4 శాతం. తగ్గిన మాట నిజమే. కానీ ఓపీ వైద్యంలో, అంటే ఆసుపత్రిలో చేరకుండా చూపించుకునే వైద్యంలో, జనం పెట్టే ఖర్చులో పెద్ద వాటా మందులదే. బీమా అక్కడికి చేరనే లేదు.

సరిహద్దులో మరో చిక్కు ఉంది. ఇక్కడివారు ఆంధ్రలోని పాతపట్నం, శ్రీకాకుళం, పెద్ద జబ్బయితే విశాఖ వెళ్తారు. ఆ చీటీ తెచ్చి మన ప్రభుత్వ ఆసుపత్రిలో చూపితే సరిపోదు, ఇక్కడి డాక్టరు మళ్లీ చూసి రాయాలి. ఒడిశాలో 2015 నుంచి ‘నిరామయ’ కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందులు ఉచితం. అది బీమా కాదు. అయినా ఇలాంటి రోగుల విషయంలో బీమా చేయలేని పని చేస్తోంది. ప్రైవేటు చీటీలో బ్రాండు పేరు రాసి ఉంటే దుకాణదారుడు తనంతట తాను మరో కంపెనీ మాత్ర ఇవ్వడానికి చట్టం ఒప్పుకోదు. జన ఔషధి కేంద్రాల్లో బ్రాండు పేరు లేకుండా అమ్మే మందులు బ్రాండెడ్ కంటే 50 నుంచి 80 శాతం చవక అని ప్రభుత్వం చెబుతోంది. ఆ చవక అందాలంటే డాక్టరు మందు అసలు పేరు రాయాలి.

బీమా మాత్రలకు డబ్బివ్వడం కుదరని పనేమీ కాదు. నెలకు 21,000 రూపాయల లోపు జీతగాళ్లకు ఉద్యోగుల బీమా పథకమైన ఈఎస్ఐ ఓపీ మందులు కూడా ఇస్తోంది. ఉద్యోగి కట్టేది జీతంలో 0.75 శాతం, యజమాని 3.25 శాతం. రైతుకు, కూలీకి, చిన్న దుకాణదారుడికి ఆ దారి లేదు. పరిమితిని 5 నుంచి 10 లక్షలకు పెంచినప్పుడు చప్పట్లు మోగుతాయి, అయితే ఆ పరిమితిని తాకే కుటుంబాలు ఎన్ని? అందులో కొన్ని వేలు నెలవారీ మందులకు కేటాయించాలి. దొంగ బిల్లులు పెడతారన్న భయం అర్థం లేనిది కాదు. అందుకే డబ్బు దుకాణాలకు ఇవ్వవద్దు, ప్రభుత్వ కౌంటర్లు, జన ఔషధి కేంద్రాల ద్వారానే మందులు ఇవ్వండి. పాతపట్నం చీటీ పర్లాకిమిడిలోనూ చెల్లేలా రెండు రాష్ట్రాలు ఒక మాట అనుకోవాలి.

అంతవరకు కార్డు మీద చికిత్స పొంది డిశ్చార్జి అవుతున్నవారు ఆ 15 రోజుల మందులు అడిగి తీసుకోండి.