‘ద బ్లాబ్’: ఎరుపల్లా ఎర్రజెండా కాదు

చెన్నైలో పాత సినిమాలు చూసే మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఈమధ్య ఒక ఫార్వర్డ్ తెగ తిరుగుతోంది. 1958లో వచ్చిన అమెరికన్ సినిమా ‘ద బ్లాబ్’లో ఉల్కతోపాటు దిగి మనుషుల్ని మింగుతూ పెరిగే ఎర్ర జెల్లీ ముద్ద, కమ్యూనిజానికి మారురూపమట. కథ నిజంగా జరిగిందట. ట్రిక్కులు పిల్లచేష్టలట. లవ్ స్టోరీని కత్తిరించేసినా నష్టం లేదట.

మొదట ఎరుపు సంగతి. ఆ రోజుల్లో అమెరికాలో కమ్యూనిస్టులంటే భయం లేదని ఎవరూ అనరు. కానీ ఆ భయం పక్కింటివాడు గుట్టుగా మారిపోతాడేమోనని. ఈ ముద్ద ఎవరి మనసూ మార్చదు, మింగేస్తుంది, అంతే. సిలికాన్‌లో ఎర్ర రంగు కలిపి దాన్ని తయారుచేశారు. డైరెక్టర్ ఇర్విన్ యేవర్త్ అంతకుముందు తీసినవి ఎక్కువగా మతబోధ చిత్రాలు. ఎరుపు కనబడగానే రాజకీయం వెతికితే రేపు ఆవకాయ జాడీ మీదా నిఘా పెట్టాలి.

‘నిజంగా జరిగిన కథ’ అన్నదానికి ఆధారం 1950లో ఫిలడెల్ఫియా పోలీసులు చూశామన్న జెల్లీలాంటి పదార్థం. అది కాసేపటికి ఆవిరైపోయిందని వాళ్లే చెప్పారు. ఎవర్నీ మింగలేదు.

ట్రిక్కులంటారా, ఫొటోలతో కట్టిన చిన్న సెట్ మీద ముద్దను వదిలి, సెట్‌ను వంచుతూ తీశారు. కంప్యూటర్ లేని కాలం. 1957లో ఇక్కడి వడపళనిలో తీసిన ‘మాయాబజార్’లో లడ్డూలు ఘటోత్కచుడి నోట్లోకి ఎగిరితే చప్పట్లు కొట్టేవాళ్లం, దీన్ని చూసి నవ్వడమేంటో!

ఇక లవ్ స్టోరీ. స్టీవ్, జేన్ రాత్రిపూట కారులో ఏకాంతంగా కూర్చుని ఉండగానే ఉల్క రాలుతుంది. (హీరో స్టీవ్ మెక్వీన్‌కు షూటింగ్ నాటికే 27 ఏళ్లు. టీనేజర్ అంటే నమ్మడం కష్టమే, అది వేరే సంగతి.) డాక్టర్ని ముద్ద మింగడం స్టీవ్ కిటికీలోంచి కళ్లారా చూస్తాడు. పోలీసులకు చెబితే కుర్రకారు ఆకతాయితనమంటారు. స్కూల్ ప్రిన్సిపాల్ అయిన జేన్ తండ్రికైతే, కూతురు అర్ధరాత్రి ఎవడితో తిరుగుతోందన్నదే టెన్షన్. ఆ తర్వాత ఈ జంట కిరాణా దుకాణంలోని ఫ్రీజర్ గదిలో దాక్కుంటే, తలుపు సందులోంచి దూరబోయిన ముద్ద వెనక్కి తగ్గుతుంది. దానికి చలి పడదన్న గుట్టు దొరికేది అక్కడే. మంటలార్పే సిలిండర్‌లోంచి చల్లటి కార్బన్ డయాక్సైడ్ చల్లితే ముద్ద ముడుచుకుపోవడం చూసినప్పుడు స్టీవ్‌కు ఆ ఫ్రీజర్ గుర్తొస్తుంది. అప్పుడు అలాంటి సిలిండర్ల కోసం స్కూలుకు పరిగెత్తి, తన స్కూలు అద్దాన్ని తానే పగలగొట్టేది ఆ ప్రిన్సిపాలే.

లవ్ స్టోరీని కత్తిరిస్తే ఫ్రీజరూ ఉండదు, ప్రిన్సిపాలూ ఉండడు. ముద్ద మాత్రం ఊరంతా మింగేదాకా ఆగదు.