సీత కష్టాలు, పీత కష్టాలు

మా బావగారు చేప తింటుంటే చూడాలి. కుడివైపు నుంచి కండ లోపలికి వెళ్తుంటుంది, ఎడమవైపు నుంచి ముల్లు శుభ్రంగా బయటికొస్తుంటుంది, మధ్యలో మాట ఆగదు. ఒట్టి ముల్లు చూపించినా అది ఏ చేపదో, ఏ భాగందో చెప్పగలరు. అలాంటి మనిషి శనివారం రాత్రి ఫోన్ చేసి, "రేపు భోజనానికి వస్తున్నామోయ్. హడావుడేం పెట్టుకోకు, ఓ చేప చాలు" అన్నారు.

ఓ చేప చాలట. వెనకటికి ఎవరో "ఓ పిడికెడు బంగారం చాలు" అన్నట్టుంది.

మర్నాడు తెల్లారకుండానే మావాణ్ణి లేపి బండెక్కించుకుని మార్కెట్‌కి వెళ్లాను. మేం ఎప్పుడూ కొనే చేపే ఐసు మీద పడుకుని ఉంది. ధర అడిగాను, చేపలావిడ చెప్పింది. కాసేపు నేనూ చేపా ఒకళ్లనొకళ్లం చూసుకున్నాం. దాని కళ్లు తేటగా, ఉబ్బెత్తుగా, తళతళలాడుతున్నాయి. తాజా చేపకి అదే మొదటి గుర్తు. నా కళ్లు లోపలికి పోయి, మసకబారి ఉన్నాయి. ఆ లెక్కన అక్కడున్న నిలవ సరుకు నేనొక్కణ్ణే.

అయినా మొప్ప ఎత్తి చూశాను, నెత్తురులా ఎర్రగా ఉంది. వేలితో నొక్కాను, గుంట పడలేదు. వాసన చూశాను, సముద్రం వాసన తప్ప ఇంకేం లేదు. కొనేవాడు డబ్బులు తీస్తాడు, కొననివాడే ఇన్ని పరీక్షలు పెడతాడని చేపలావిడకి తెలుసు. చీపురుతో నీళ్లు నా చెప్పుల వైపు తోసింది.

"ఎందుకమ్మా ఇంతలా పెరిగింది?"

"బోట్లు తక్కువొచ్చాయి సారూ."

"ఎందుకు తక్కువొచ్చాయి?"

"పోసిన డీజిలు డబ్బులు కూడా రాట్లేదంట."

"ఎందుకు రాట్లేదు?"

"చేప పడట్లేదు."

"ఎందుకు పడట్లేదు?"

"అది చేపనడగండి, నన్నడిగితే?"

నిజమే, చిన్నప్పుడు మనం చేపనే అడిగేవాళ్లం. రాజుగారి ఏడుగురు కొడుకులు ఏడు చేపలు తెచ్చి ఎండేస్తే ఒకటి ఎండలేదు. చేపనడిగితే గడ్డిమేటంది, గడ్డినడిగితే ఆవంది, ఆవునడిగితే పాలేరు, పాలేరునడిగితే అవ్వ, అవ్వనడిగితే పిల్లాడు, పిల్లాణ్ణడిగితే చీమ. మొత్తానికి నేరం చీమ మీదికి వచ్చింది.

ఈ కాలం పిల్లలకి చేపనడిగే అవసరం లేదు, ఫోనుంది. "పోనీ పెంచిన చేప తీసుకుందామా?" అన్నానో లేదో మావాడు వేలితో తోసుకుంటూ చదవడం మొదలెట్టాడు. నీళ్లలోంచి మనిషి తీసే జీవాల్లో పెంచినవి, పట్టినవాటిని 2022లోనే దాటేశాయట. ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ లెక్కే అది.

"మరి అంత పెంచుతుంటే ధర తగ్గాలి కదరా?"

"మేత ఖరీదు నాన్నా. కొన్ని చేపల మేతలో చేపపిండి కలుపుతారు."

"చేపకి చేపనే పెడతారా? మరి చేపపిండి ఎందుకు ఖరీదు?"

"పెరూ తీరంలో ఆంకోవీలని వేలెడంత చేపలుంటాయి. పిండికి అవే పెద్ద దిక్కు. 2023లో అక్కడ మొదటి సీజన్ వేట రద్దు చేసేశారు."

"ఎందుకు?"

"నీళ్లు వేడెక్కాయి. వలలో పిల్ల చేపలే పడుతున్నాయని ఆపేశారు. ఎల్ నినో."

"ఎల్ నినో అంటే?"

మావాడు ఫోన్లో చూసి, తలెత్తి నావైపు వింతగా చూశాడు. "స్పానిష్‌లో పిల్లాడు అని అర్థం నాన్నా."

ఒళ్లు జలదరించింది. మన అవ్వలు ఎప్పుడో చెప్పారు, చేప ఎండకపోవడానికి పిల్లాడు ఏడవడమే కారణమని. మనమే వినలేదు. ఇక మిగిలింది చీమ. అది ఎక్కడుందో అప్పటికి నాకు తెలీదు.

ఈ జ్ఞానమంతా సంపాదించాక చేతిలో సంచీ మాత్రం ఖాళీగానే ఉంది. ఎదురుగా ఫ్రీజర్ పెట్టెలో రొయ్యల ప్యాకెట్లు కనిపించాయి. ప్రతి రొయ్యా నా బొటనవేలంత ఉంది, గాజుబొమ్మలా మెరుస్తోంది. ధర నా స్థాయికి దగ్గరగా ఉంది. ఒకటి తీసుకున్నాను. ఆ పక్కన బుట్టలో పీతలు. నాలుగే మిగిలాయి, చిన్నవి, నార తాళ్లతో కట్టిపడేసి ఉన్నాయి. పీత చచ్చిందంటే గంటల్లో పాడవుతుంది, అందుకే ప్రాణంతో అమ్ముతారు. చేతిలో పట్టుకుంటే సైజుకి మించిన బరువుండాలి. తేలిగ్గా ఉందంటే ఈమధ్యే పెంకు వదిలి కొత్త పెంకు తొడుక్కుందని, లోపల కండ తక్కువ, నీళ్లెక్కువ అని అర్థం. ఇవి దిట్టంగా బరువున్నాయి. నా తెలివికి నేనే మురిసిపోయి నాలుగూ కొనేశాను.

దార్లో మావాడు వెనక కూర్చుని ఇంకో సంగతి చెప్పాడు. పటగోనియన్ టూత్‌ఫిష్ అని ఒక చేప ఉందట. పళ్ల చేప అంటే ఎవరు తింటారని, 1977లో అమెరికాలో ఓ వ్యాపారి దానికి చిలియన్ సీ బాస్ అని పేరు పెట్టాడు. తర్వాత్తర్వాత అది పెద్ద హోటళ్ల మెనూల్లోకెక్కి కూర్చుంది. చేప అదే, పళ్లూ అవే. నాకు ధైర్యం వచ్చింది. పీతలకి కూడా ఏదో ఒక పేరు పెడితే బావగారు చేప ఊసెత్తరు.

ఇంట్లో అడుగుపెట్టగానే, "చేపేదండీ?" అంది మా ఆవిడ. రొయ్యల ప్యాకెట్ చేతిలో పెట్టాను. కరగడానికి గిన్నెలో వేసింది. అరగంటకి వెళ్లి చూస్తే గిన్నెలో చిన్న చెరువు, చెరువు అడుగున చీపురుపుల్ల ముక్కల్లాంటివేవో. ఫ్రీజర్ గాలికి సరుకు ఎండిపోకుండా పైన పల్చగా ఐసు పూత వేస్తారు. పద్ధతే అది, తప్పేం లేదు. నికర బరువులో ఆ ఐసు కలపకూడదు కూడా. మేం కొన్నదానికి మాత్రం పూత కాదు, రజాయి కప్పారు. బాణలిలో వేశాక అవి ఇంకా ముడుచుకుని సున్నాల్లా చుట్టుకున్నాయి.

"ఏమండీ, ఇవి రొయ్యలా, వాటి ఫొటోలా?"

ఆ మాట నా పౌరుషాన్ని పొడిచింది. ఐసు దగ్గర మోసపోయినవాడు తాడు దగ్గరా మోసపోయి ఉంటాడు కదా అని అనుమానం పట్టుకుంది. పీతలకి కట్టిన నార తాళ్లు నీళ్లు పీల్చి బొద్దుగా ఉన్నాయి. అసలు పీతెంత, తాడెంత? మామూలు మనిషైతే ఆ ప్రశ్నని ప్రశ్నగానే వదిలేస్తాడు. నేను వంటింటి కాటా బయటికి తీశాను.

తెలిసినవాళ్లు పీతల్ని కాసేపు ఫ్రీజర్లో పెట్టి, మత్తెక్కాక అప్పుడు తాడు విప్పుతారు. నా తొందరలో నాకది గుర్తులేదు. సింకులో నాలుగింటినీ పెట్టి కత్తెరతో తాళ్లు కోసి, తాళ్లన్నీ కాటా మీద వేశాను. అచ్చంగా ఒక పీతంత తూగాయి! "చూశావా! నాలుగు పీతల డబ్బుల్లో ఒక పీత తాడే!" అని వంటింట్లోంచి విజయగర్వంతో అరిచి వెనక్కి తిరిగి చూస్తే, సింకులో పీతలు మూడే ఉన్నాయి. లెక్క అంత బాగా కుదురుతుందని నేననుకోలేదు.

నాలుగోది గట్టు మీద ఉంది. కాడల మీద నిలబెట్టిన రెండు కళ్లూ నావైపు తిప్పింది. నేను ముందుకి ఒక అడుగు వేశాను, అది పక్కకి నాలుగు వేసింది. ముందుకే నడవడం వచ్చిన జీవి, పక్కకే నడవడం వచ్చిన జీవిని పట్టుకోవడం ఎంత కష్టమో తిక్కశంకరయ్యలకే తెలుస్తుంది. అటు నుంచి మూత, ఇటు నుంచి జల్లెడ అడ్డం పెట్టాను. అది రెంటి మధ్యలోంచి జారి, టప్పున కిందపడి, టకటకా గచ్చు మీద నడిచి మాయమైపోయింది.

మా ఆవిడ కుర్చీ ఎక్కింది. ఆవిడ పేరు సీత కాదు గానీ, "సీత కష్టాలు సీతవి, పీత కష్టాలు పీతవి" అన్న సామెతలో రెండు పక్షాలూ ఒకే వంటింట్లో కనబడటం అదే మొదటిసారి.

మావాడు గుమ్మంలో నిలబడి ఓదార్చాడు. "బేరింగ్ సముద్రంలో వెయ్యి కోట్ల మంచు పీతలు కనబడకుండా పోయాయి నాన్నా. 2022లో అలాస్కాలో వాటి వేటే మానేశారు. మనది ఒక్కటేగా."

"అవెక్కడికి పోయాయట?"

"ఎక్కడికీ పోలేదు. నీళ్లు వేడెక్కితే వాటికి ఆకలి ఎక్కువైంది. తిండి సరిపోక చచ్చిపోయాయని సైంటిస్టులు తేల్చారు."

ఒక్క నిమిషం ఎవరం మాట్లాడలేదు. ఆ నిశ్శబ్దంలోనే ఫ్రిజ్ కిందనుంచి గర్‌గర్‌మని గీరిన చప్పుడు వినిపించింది.

బోర్లా పడుకుని టార్చి వేశాను. గోడ మూలకి ఆనుకుని కూర్చుని ఉంది, డెక్కలు రెండూ ఎత్తి. చీపురుపుల్ల పెడితే పుల్ల విరిచింది. అట్లకాడ పెడితే అట్లకాడ పట్టుకుని నాతో లాగుడు పందెం ఆడింది. బావగారు వచ్చే వేళవుతోంది. ఇంక లాభం లేదని చెయ్యి పెట్టాను. చెయ్యి కూడా కాదు, వేలు.

నా కేక విని పక్కింటివాళ్లు తలుపు తీశారట. మావాడు మాత్రం నవ్వు ఆపుకుంటూ, పీత గొంతు ఇలా ఉంటుందనుకున్న గొంతుతో అన్నాడు: "నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?"

చీమ దొరికింది.

పన్నెండున్నరకి బావగారూ అక్కా వచ్చారు. పీతని దాని మానాన వదిలేసి, వేలికి కట్టు కట్టుకుని ఎదురెళ్లాను. అక్క చూడగానే, "వేలికేమైందిరా?" అంది.

"ఏం లేదక్కా, చేప ముల్లు గుచ్చుకుంది."

విస్తరి ముందు కూర్చున్నాక బావగారు గిన్నెలన్నీ ఒకసారి కలయజూశారు. మూడు పీతలు, ఉల్లిపాయల మధ్య కొన్ని సున్నాలు. "చేపే లేదు కదోయ్, ముల్లెక్కడిది?" అన్నారు. ముల్లు విషయంలో ఆయన్ని మోసం చెయ్యలేమని నాకు ముందే తెలిసుండాల్సింది. దార్లో పీతలకి నేను ఆలోచించి పెట్టిన గొప్ప పేరు ఆ క్షణాన గుర్తొస్తే ఒట్టు.

కానీ మంచి మనిషి. ఇంకేం అనలేదు. రొయ్యల కూర కలుపుకుని, "ఉల్లిపాయ బాగా వేగిందమ్మా, ఎక్కడో రొయ్య కూడా తగుల్తోంది" అన్నారు. ఆ తర్వాత పీత అందుకున్నారు. డెక్కని పళ్ల మధ్య పెట్టి ఒక్క నొక్కు. పెంకు అటూ ఇటూ విడిపోయి, తెల్లటి కండ ముక్క మొత్తంగా బయటికొచ్చింది. కళ్లు మూసుకున్నారు. "ప్రాణం ఉన్న సరుకు తెచ్చావోయ్. రుచిలో తెలిసిపోతుంది."

వంటింట్లోంచి గర్‌గర్ వినిపించింది.

"ఏమిటా చప్పుడు?"

"ఫ్రిజ్ అన్నయ్యగారూ," అంది మా ఆవిడ, వడ్డిస్తున్న గరిటె ఆపకుండా.

మళ్లీ గర్‌గర్. ఈసారి చివర్లో టక్‌మని కూడా వచ్చింది. బావగారు చెవి అటు పెట్టి విని, రెండో డెక్క అందుకుంటూ పెదవి విరిచారు. "కంప్రెసర్ పోతోందోయ్. ఇంక దాచుకుని లాభం లేదు, మార్చెయ్యండి."

"మార్చాలనే ఉంది అన్నయ్యగారూ," అంది మా ఆవిడ నావైపు చూడకుండా. "కింద వాటా ఖాళీ అవ్వాలి."