పదకొండు చేతులు, ఒక అరటిపండు

మంగళవారం నాటి జిల్లా సంచిక మూడో పుటలో అచ్చయిన ఒక ఫొటోను నేను భూతద్దం పెట్టి చూశాను. ప్రభుత్వాసుపత్రి మంచం మీద ఒక వృద్ధుడు కూర్చుని ఉన్నాడు. ఆయన ముందు ఒక అరటిపండు ఉంది, ఆ పండును పట్టుకుని పదకొండు చేతులున్నాయి. మొదట తొమ్మిదే అనుకున్నాను. రెండోసారి లెక్కపెట్టినప్పుడు వెనక వరుసలోంచి ఎవరి భుజం మీదుగానో చాచిన ఒక చెయ్యి, పండు అందక ముందున్న వారి మణికట్టునే పట్టుకుని సరిపెట్టుకున్న మరొక చెయ్యి బయటపడ్డాయి. పన్నెండోది రోగిది కావలసింది గాని, సెలైన్ సూది గుచ్చి ఉన్నందువల్ల కాబోలు, అది దుప్పటి కిందే ఉండిపోయింది. ఫొటో కింద మాత్రం నాయకుడి జన్మదినాన్ని పురస్కరించుకుని రోగులకు ఘనంగా పండ్లు పంపిణీ చేశారని రాసి ఉంది.

అరటిపండును ఘనంగా ఇవ్వడం ఎలాగో నాకు బోధపడలేదు. రసం తీసి ఇచ్చి ఉంటే ద్రవంగా పంపిణీ చేశారని రాసేవారేమో. అయినా మన జిల్లా పుటల్లో ఘనంగా జరగనిది ఏముంది కనుక? చలివేంద్రంలో ఒక్క కుండకు రిబ్బను కట్టి కత్తిరించినా ఘనంగానే జరుగుతుంది, సంతాప సభ కూడా ఘనంగానే జరుగుతుంది. ఆ సంచికను నేను సోమవారం నుంచి ఆదివారం దాకా ఒక్క అక్షరం వదలకుండా చదివాను కాబట్టి, మా ప్రాంతంలో ఆ వారమంతా ఘనం కానిది ఏమీ జరగలేదని పూచీ పడి చెప్పగలను.

సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు స్వీకరించారు. ఆ కార్యక్రమాన్ని నేను ప్రజావాణి అని పిలిచిన రోజుల నుంచి ఎరుగుదును. ఆ తరవాత అది మీకోసం అయింది, 2019లో స్పందన అయింది, 2023లో జగనన్నకు చెబుదాం అయింది, ఇప్పుడు ప్రజా సమస్యల పరిష్కార వేదిక అయింది. ప్రభుత్వం మారినప్పుడల్లా గోడ మీది ఫ్లెక్సీ మారింది గాని, దాని కింద నిలబడినవాడి చేతిలో ఉన్న సర్వే నంబరు తగాదా మారలేదు. తాత పేరు మీద పెట్టుకున్న అర్జీని ఇప్పుడు మనవడు పట్టుకుని తిరుగుతున్నాడు. ఆ వారంలో వచ్చింది నెలలో మూడో శనివారం కావడంతో, 2025 జనవరి నుంచి నడుస్తున్న ఆనవాయితీ ప్రకారం స్వచ్ఛాంధ్ర కూడా జరిగింది. తెల్లవారుజామున పారిశుద్ధ్య కార్మికులు అద్దంలా ఊడ్చిపెట్టిన వీధినే పెద్దలు తొమ్మిది గంటలకు మళ్లీ ఊడ్చారు. చీపుళ్ల పిడికి ప్లాస్టిక్ కవరు ఇంకా తీయలేదన్న సంగతి ఫొటోలో స్పష్టంగా కనిపిస్తోంది.

ఇవన్నీ క్షమించదగినవే. నన్ను పట్టి పీడిస్తున్నది అరటిపండే. ఆ పంపిణీ ఎలా సాగిందో నేను కళ్లారా చూడకపోయి ఉంటే ఇంతగా బాధపడేవాణ్ని కాను. కానీ మా మేనత్తకు పిత్తాశయం ఆపరేషనై అదే వరుసలో నాలుగో మంచం మీద ఉంది, నేను ఆమె పక్కన స్టూలు మీద ఉన్నాను.

ముందుగా బ్యానరు వచ్చింది. దాన్ని కట్టడానికి మేకులు లేవు కాబట్టి ఇద్దరు కుర్రాళ్లను రెండు సెలైన్ స్టాండ్ల మధ్య నిలబెట్టారు. ఆ తరవాత దుప్పట్లు వచ్చాయి. అంతవరకూ ఉతకడానికి వెళ్లాయని మాకు చెప్పిన దుప్పట్లు అంత చప్పున ఎలా ఉతికి ఆరాయో ఆ భగవంతుడికే తెలియాలి. చివరగా రెండు డజన్ల పండ్లతో, పాతికమంది అభిమానులతో ఊరేగింపు లోపలికి వచ్చింది. పుట్టినరోజు నాయకుడు రాలేదు, ఆయన రాజధానిలో ఉన్నారట. రెండో మంచం పెద్దాయన చేతిలో పండు పెట్టి, "బాబాయ్, ఇటు చూడు, కొంచెం నవ్వు" అన్నారు. ఆయన నవ్వాడు. వెలుతురు చాలలేదని కిటికీ తెరిచి మళ్లీ ఇచ్చారు, మళ్లీ నవ్వాడు. ఇక అయిపోయిందనుకుని ఆ అమాయకుడు పండు సగం ఒలిచేసరికి, మండల స్థాయి పెద్దమనిషి ఒకరు ఆలస్యంగా చేరుకున్నారు. "అయ్యో, ఒలవకు బాబాయ్, ఇంకో ఫొటో ఉంది" అని ఒక కార్యకర్త పరుగున వచ్చి, తొక్కను జాగ్రత్తగా పైకి మూసి, చిరిగిన వైపు కెమెరాకు కనబడకుండా తిప్పి పట్టుకున్నాడు. పదకొండు చేతులు కూడిన శుభ ముహూర్తం అది. పత్రికలో అచ్చయింది ఆ మూసిన పండే.

మా అత్త మంచానికి నోటితో ఏమీ ఇవ్వరాదని చీటీ అంటించి ఉంది. అయినా ఆమె చేతిలో ఒక ఆపిల్ పెట్టి, ఫొటో తీసి, అదే ఆపిల్‌ను ఐదో మంచానికి పట్టుకుపోయారు. ఆమె మాత్రం ఆ అవకాశాన్ని వదులుకోలేదు. "బాబూ, నాలుగు రోజులైంది బాత్రూములో నీళ్లు రావడం లేదు, కాస్త ఎవరికైనా చెప్పండి నాయనా" అంది. "తప్పకుండా అమ్మా" అన్నారు ఆ పెద్దమనిషి, కెమెరా వైపు నుంచి చూపు మరల్చకుండా. మర్నాటి వార్తలో ఆయన రోగులను ఆప్యాయంగా పలకరించి యోగక్షేమాలు అడిగి తెలుసుకున్నారని ఉంది.

ఆ ఫొటో పంపిన కంట్రిబ్యూటర్ మీద నాకు కోపం లేదు. అతనికి నెల జీతం లేదు, అచ్చయిన వార్తను కొలిచి ఇచ్చే లైన్ అకౌంటే దిక్కు. ఉగాదికీ సంక్రాంతికీ, ప్రతి చిన్న పెద్ద నాయకుడి పుట్టినరోజుకీ యాడ్లు తెచ్చే బాధ్యత కూడా అతని నెత్తిమీదే ఉంటుంది. శుభాకాంక్షల యాడ్ ఇచ్చిన చెయ్యి అరటిపండు మీద కూడా ఉన్నప్పుడు, ఆ చేతిని కత్తిరించి ఫొటో వేసే ధైర్యం అతనికెక్కడిది?

అయితే జిల్లా పుటలు ఇందుకు పుట్టలేదు. 1989లో ఈనాడు జిల్లా సంచికలు మొదలుపెట్టాక, అంతవరకూ పత్రికలో తావులేని పల్లె మొదటిసారి అచ్చులోకి వచ్చింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించిన కబురు అలాంటి పుటల మీదుగానే ఊరూరా పాకింది. దాని ఫలితంగా 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. ఆ ఆడవాళ్లు ఎవరికీ పండ్లు పంచలేదు.

ఇక గురువారం సంచికకు వస్తాను. ఏడో పుట అడుగున, ఒక నగల దుకాణం ప్రకటనకు పైన, ఒక్క కాలమ్‌లో ఆరు వరుసల వార్త ఉంది. అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఒక కొండ మీది ఊరి నుంచి నొప్పులు పడుతున్న గర్భిణిని డోలీ కట్టి రోడ్డు దాకా మోసుకొచ్చారట, అక్కడి నుంచి 108 వాహనం ఎక్కించారట. దానికి పెట్టిన శీర్షిక "తప్పని డోలీ మోత". ఎవరికి తప్పనిది? ఎవరు తప్పించనిది? 108 వాహనాలు రాష్ట్రంలో 2005 నుంచి తిరుగుతున్నాయి, కానీ అవి తిరగాలంటే కింద రోడ్డు ఉండాలి. బియ్యం తూకంలో గుప్పెడు తగ్గిందని రాసినంత మామూలుగా, ఒక ఆడమనిషి ప్రాణం కర్రకు వేలాడుతూ వాగులు దాటిందని రాసి చేతులు దులుపుకుంటారా? ఇదే వార్తను ఊరి పేరు మార్చి నేను ఏళ్ల తరబడి చదువుతున్నాను. నాకు సిగ్గుగా ఉంది. రాసినవాళ్లకూ చదివినవాళ్లకూ, ఆ కొండ కింద ఓట్లకు తిరిగినవాళ్లకూ ఉండాలి.

ఆ జిల్లాకు ఎవరి పేరు పెట్టారో ఆ మనిషి 1922లో తిరగబడడానికి ఉన్న కారణాల్లో రోడ్డు ఒకటి. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కొండ మీదికి రోడ్డు వేయించడానికి గిరిజనుల చేత సరైన కూలి ఇవ్వకుండా వెట్టిచాకిరీ చేయించాడు. ఆ కడుపుమంట చింతపల్లి పోలీస్ స్టేషను మీద దాడి దాకా వెళ్లింది. నూరేళ్లు దాటాక, ఏ ప్రభుత్వమూ రోడ్డు వేయకపోతే ఆ కొండల వాళ్లు తమంతట తామే చందాలు వేసుకుని, గునపాలు పట్టి, బాట తవ్వుకుంటున్నారు. దాన్ని మన పత్రికలు శ్రమదానం అంటున్నాయి, ఆదర్శం అంటున్నాయి. బాస్టియన్‌కు ఆ మాట తట్టి ఉంటే తిరుగుబాటు వచ్చేదే కాదు. 2025లో అడవి తల్లి బాట పేరుతో గిరిజన గ్రామాలకు రోడ్ల పని మొదలుపెట్టారు. పడిన రోడ్డును నేను కాదనను. పడని రోడ్డు మీద బిడ్డను కన్నవాళ్ల సంగతే నేను అడుగుతున్నాను.

ఆ ఆరు వరుసల పక్కన తపాలా బిళ్లంత ఫొటో ఉంది. అలవాటు కొద్దీ చేతులు లెక్కపెట్టాను. కర్ర ముందు ఒకడు, వెనక ఒకడు ఉన్నారు. మొత్తం నాలుగే చేతులు, ఒక్కటీ కెమెరా వైపు లేదు.

మా అత్త ఆదివారం ఇంటికి వచ్చింది. బాత్రూములో నీళ్లు ఆఖరి రోజు దాకా రాలేదు. రెండో మంచం పెద్దాయన ఇంకా అక్కడే ఉన్నాడట. ఆ పండు చివరకు ఎవరు తిన్నారని అడిగాను. అన్ని చేతుల్లో నలిగి నల్లబడిపోతే, ఆయన మనవరాలు దాన్ని తీసుకెళ్లి ఆసుపత్రి ఆవరణలో తిరుగుతున్న మేకకు పెట్టిందట. అది ఎవరి వంకా చూడకుండా తొక్కతో సహా తినేసిందని చెప్పింది.