సవరణ: లండన్ పోలిష్ చిత్రోత్సవం ప్రారంభం

లండన్‌లో జరిగే కినోటెకా పోలిష్ చిత్రోత్సవం ప్రారంభంపై పెట్టిన పోస్టులో, అది పోలండ్ జాతీయ పోటీ ఉత్సవానికి విదేశీ శాఖ అని ఉంది. కాదు, రెండూ వేర్వేరు. జాతీయ పోటీ 1974లో గ్దాన్‌స్క్‌లో మొదలైంది, తర్వాత పక్కనే ఉన్న గ్దీనియాకు మారింది. ఆ పోటీలో అగ్ర బహుమతి అయిన గోల్డెన్ లయన్స్ అవార్డు ఇచ్చేది అక్కడే. కినోటెకాను నడిపేది లండన్‌లోని పోలిష్ కల్చరల్ ఇన్‌స్టిట్యూట్.

విదేశాల్లో ఇలాంటి ఉత్సవం తొలిరోజు వేసే సినిమా సాధారణంగా స్వదేశంలో ముందే ఆడేసి ఉంటుంది. దాన్ని ప్రపంచ ప్రీమియర్ అనుకోవద్దు.

ఆస్కార్ సంగతి ముఖ్యం. విదేశీ భాషా చిత్రం విభాగంలో పోలండ్‌కు తొలి ఆస్కార్ పోలిష్ దర్శకుడు ఆంద్జెయ్ వైదా తెచ్చారన్న వాక్యం ఆ పోస్టులోంచి తీసేశాను. ఆయనకు 2000లో వచ్చింది గౌరవ ఆస్కార్. ఆ విభాగంలో ఆయన సినిమాలు నాలుగుసార్లు నామినేట్ అయినా ఒక్కటీ గెలవలేదు. 1981లో కాన్ చిత్రోత్సవంలో అగ్ర బహుమతి పామ్ డోర్ కొట్టిన 'మ్యాన్ ఆఫ్ ఐరన్' కూడా అంతే. నాకైతే అది ఇప్పటికీ మింగుడుపడదు! తొలి గెలుపు 2015లో, పావెల్ పావ్లికోవ్‌స్కీ తీసిన 'ఇదా'ది.