విమానం దిగని పుస్తకం

మా నాన్న లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు గానీ తెనాలిలో ఆయనకి పేరు తెచ్చినవి లెక్కలు కావు, ఒక లాంగ్ నోటుబుక్కు. మా ఇంట్లోంచి ఎవరు ఏ పుస్తకం పట్టుకెళ్ళినా అందులోకి ఎక్కాల్సిందే. నాలుగు గళ్ళు: పేరు, పుస్తకం, పట్టుకెళ్ళిన తేదీ, తిరిగిచ్చిన తేదీ. నాలుగో గడి సగానికి సగం ఖాళీ. అది నిండేదాకా ఆయనకి నిద్రపట్టదు, పట్టుకెళ్ళినవాడిని నిద్రపోనివ్వరు. ఓ పాత శిష్యుడి పెళ్ళిలో అక్షింతలు వేస్తూ పెళ్ళికొడుకు చెవిలో ఏదో అంటుంటే ఆశీర్వచనం కాబోలనుకున్నాం. "సత్యనారాయణ వ్రతం అయ్యాక రెండో భాగం పంపించెయ్" అన్నార్ట.

చెదలు రెండో బీరువాలోకి దిగాక అమ్మ తేల్చేసింది. "ఏవండీ, ఈ ఇంట్లో ఆ పుస్తకాలన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి." దానికాయన కాసేపు ఆలోచించారు. ఆ కాసేపటి సంగతి అమ్మ ఇప్పటికీ వదల్లేదు.

అలా ఈ-రీడర్, అంటే తెరమీద పుస్తకాలు చదువుకునే యంత్రం, కొనాలన్న మాట వచ్చింది. హైదరాబాదులో నేను, అమెరికాలోని ఎడిసన్‌లో అక్క, నెల్లాళ్ళు వాట్సాప్‌లో కొట్టుకున్నాం. కోబో అనే రకమైతే ఈపబ్ ఫైలు, అంటే అక్షరం పెంచినా వాక్యం తెరలో సర్దుకునేది, నేరుగా తెరుచుకుంటుంది అంటాన్నేను. అమెరికాలో లైబ్రరీ పుస్తకాలు అమెజాన్ వాళ్ళ కిండిల్‌లోకి కూడా వస్తాయి అంటుంది అది. కిండిల్‌కి పంపడానికని నేను ఏళ్ళ తరబడి మోబీ అనే పాత రకం ఫైళ్ళు కూడబెట్టాను. 2022లో ఈపబ్ పంపొచ్చన్నారు, ఆనక మోబీ వద్దన్నారు. పాత నోట్ల కట్టలు దిండులో దాచుకున్న ముసలమ్మ పరిస్థితి నాది. చివరికి ఏది కొన్నామో చెప్పను. తర్వాత జరిగినదాంట్లో పాపం దాని తప్పేమీ లేదు.

6 అంగుళాల తెర, 200 గ్రాములు కూడా తూగదు. ఆపేసినా తెరమీద బొమ్మ అలాగే ఉంటుంది. ఆ ఎలక్ట్రానిక్ సిరాకి బొమ్మ మార్చేటప్పుడే కరెంటు కావాలి, నిలబెట్టడానికి అక్కర్లేదు. ఈ సంగతి అమ్మకి మూడుసార్లు చెప్పాను. "ఛార్జింగ్ అయిపోతుందిరా, ఎవరో లోపలే ఉండిపోయారు" అంటూ దానిమీద చేతిరుమాలు కప్పి పడుకునేది.

నేను రెండొందల తెలుగు పుస్తకాలు ఎక్కించి మహా గర్వంగా చేతికిచ్చాను. అన్నీ పీడీఎఫ్‌లు, అందులోనూ సగం పాత పుస్తకాల స్కాన్లు. నాన్న కళ్ళజోడు సర్దుకున్నారు, తీశారు, మళ్ళీ పెట్టుకున్నారు. "చీమల బారులా ఉందేవిట్రా?" పెద్దది చేశాను. ఇప్పుడు సగం వాక్యం కనిపిస్తోంది, మిగతా సగం పక్క వీధిలో ఉంది. దాన్ని ఇటు లాగేసరికి తెర ఒక్కసారి నల్లబడి, తెల్లబడి, ఆయాసపడింది.

ఆ రాత్రి కాలిబర్ అనే సాఫ్ట్‌వేర్‌తో వాటిని ఈపబ్‌లోకి మార్చాను. స్కాన్లు బొమ్మలు గనక బొమ్మలుగానే ఉండిపోయాయి. మిగతావి యూనికోడ్, అంటే ఏ యంత్రంలోనైనా తెలుగుని తెలుగుగానే ఉంచే పద్ధతి, రాకముందు ఫాంట్లలో కంపోజు చేసినవి. పీడీఎఫ్‌లో చూస్తే ముత్యాల్లాంటి తెలుగు, బయటికి లాగితే ఇంగ్లిషు అక్షరాలు, డాలరు గుర్తులు, నడుమ ఎక్కడో దిక్కులేని బ్రాకెట్టు.

"ఇదే భాషరా?"

"తెలుగే నాన్నా."

"నేను పోయాక పిండం పెట్టేప్పుడు ఈ తెలుగులో మంత్రాలు చదివించకు" అని దాన్ని సంచిలో పడేసి, ఆర్నెల్లకి అక్క దగ్గరికి వెళ్ళిపోయారు.

అక్కడ కథ మారింది. అక్క తన లైబ్రరీ కార్డుమీద ఇంగ్లిషు డిటెక్టివ్ నవలలు తెప్పించి అందులో వేసింది. అక్షరం ఎంత కావాలంటే అంత లావు, గడువు 21 రోజులు, గడువు తీరగానే పుస్తకం దానంతటదే వెనక్కి పోతుంది. ఆ మాట విని నాన్న కళ్ళు చెమర్చాయట. "నలభై ఏళ్ళ సర్వీసులో ఇలా తనంతట తాను ఇంటికెళ్ళిన పుస్తకాన్ని చూళ్ళేదమ్మా."

క్యూ మాత్రం ఆయనకి మింగుడు పడలేదు. "కంప్యూటర్లో పుస్తకానికి ముందు 40 మందేంటి? నొక్కితే ఇంకోటి పుట్టదూ?" లైబ్రరీ ఎన్ని కాపీలకి డబ్బు కడితే ఒకసారికి అంతమందికే ఇవ్వాలని అక్క చెప్పింది. హార్పర్ కాలిన్స్ అనే ప్రచురణ సంస్థ వాళ్ళు 2011లో ఒక్కో ఈ-పుస్తకానికి 26 అరువులే అని, ఆపైన లైబ్రరీ మళ్ళీ కొనుక్కోవాలని పెట్టిన రూలూ చెప్పింది. ఆయన నోటిలెక్క కట్టేశారు. "రెండేసి వారాలే ఇచ్చారనుకుంటే 26 సార్లకి 364 రోజులు. చిరగని కాగితానికి ఏడాది ఆయుష్షు! మిగిలిన ఒక్కరోజూ ఇనస్పెక్షన్‌కి కాబోలు."

తిరుగు ప్రయాణానికి వారం ముందు, అదే క్యూలోంచి ఆయన వంతొచ్చింది. మంచి హత్య. నెవార్క్‌లో ఎయిర్ హోస్టెస్ చెప్పిందని యంత్రాన్ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టారు. తెనాలి చేరి, అలసట తీరి, మళ్ళీ తెరిచేసరికి అరువు తీసుకుని 25 రోజులైంది. పుస్తకం అక్కడే ఉంది! ఇంటర్నెట్ తగిలితేనే దానికి గడువు తీరినట్టు తెలుస్తుందని ఆయన ఎవరూ చెప్పకుండానే కనిపెట్టారు. ఆ రోజు నుంచి యంత్రం నేల దిగలేదు. సంక్రాంతికి నేను వెళ్ళేసరికి రెండు నెలలుగా అది గాల్లోనే ఉంది.

"లైబ్రరీ వాళ్ళు వాళ్ళ లెక్కలో ఎప్పుడో వెనక్కి తీసేసుకున్నార్ట, తర్వాతవాడికి ఇచ్చేశార్ట. అక్క కనుక్కుంది. ఇందులో ఎవరికీ నష్టం లేదు" అన్నారు, నేను అడక్కుండానే.

"మాస్టారి నోట ఈ మాట వినే దాకా బతికాను" అంది అమ్మ, అరిసెలు వత్తుతూ.

రోజుకి రెండు పేజీలే చదువుతున్నారు. హంతకుణ్ణి లెక్క ప్రకారం పట్టాలని పట్టు. అనుమానితుల పేర్లు ఓ కాగితంమీద రాసి, ఒక్కొక్కర్నీ కొట్టేసుకుంటూ వస్తున్నారు. పేజీ నంబరు బదులు తెర కింద శాతం కనిపిస్తోంది: 94. మిగిలింది ఇద్దరు, వంటమనిషీ డాక్టరూ.

భోగి నాడు ఆయన తలంటుకుంటున్నారు. ఈసారి సరిగ్గా యూనికోడ్‌లో ఉన్న తెలుగు పుస్తకాలు పట్టుకొచ్చాను, వచ్చేలోగా ఎక్కించి ఆశ్చర్యపరుద్దామని వైఫై ఆన్ చేశాను.

తెర ఒకసారి నల్లబడింది, తెల్లబడింది. నా పుస్తకాలు పన్నెండూ చక్కగా దిగాయి. వాటి పక్కనే ఒక చిన్న డబ్బా, అరువు గడువు ముగిసిందని.

నాన్న తుండు చుట్టుకుని వచ్చి చూశారు. నెత్తిమీంచి కుంకుడు రసం కారి కంట్లో పడుతున్నా తుడుచుకోలేదు. "వంటమనిషా, డాక్టరా?" అన్నారు, నన్నేదో సాక్షిని చేసి బోనులో నిలబెట్టినట్టు.

అక్కకి ఫోన్ చేశాను. మళ్ళీ క్యూలో పెట్టింది, ముందు 38 మంది. కొని పంపుతానన్నాను. "అరువు పుస్తకానికి డబ్బు పెట్టడమేంటి" అని లోపలికెళ్ళారు.

సాయంత్రం లాంగ్ నోటుబుక్కు కొత్త పేజీ తెరిచి ఉంది. పేరు గడిలో నా పేరు, ఇంటిపేరుతో సహా. పుస్తకం గడిలో "6 శాతం". తేదీ వేసి ఉంది. నాలుగో గడి ఖాళీ.