ఇది బిల్లు కాదు

మిషిగన్‌లో ఉన్నప్పుడు మా అబ్బాయి ఉయ్యాల మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. అది 2014. వాడికప్పుడు ఆరేళ్లు. చిన్న ఆపరేషన్ చేసి ఎముక సరిచేశారు, మర్నాడు ఇంటికొచ్చేశాం. వారం తిరక్కుండా ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి కవరు వచ్చింది. లోపల మూడు పేజీల లెక్కలు, పైన పెద్దక్షరాలతో ‘ఇది బిల్లు కాదు’. అమెరికాలో ఉన్నవాళ్లందరికీ ఆ కాగితం తెలుసు. అసలు బిల్లులు ఆ తర్వాత ఒక్కొక్కటీ వచ్చాయి. హాస్పిటల్‌ది ఒకటి, ఎక్స్‌రే చూసిన డాక్టర్‌ది ఒకటి, మత్తుమందు ఇచ్చిన డాక్టర్‌ది ఇంకొకటి. హాస్పిటల్ మా నెట్‌వర్క్‌లో, అంటే మా ఇన్సూరెన్స్ కంపెనీతో ఒప్పందం ఉన్నవాళ్లలో ఉంది, మత్తు డాక్టర్ మాత్రం లేరట. ఆ ఒక్క బిల్లు కోసం నాలుగు నెలలు ఫోన్లు చేశాను. ఇలాంటి బిల్లులకు అడ్డుకట్ట వేసే చట్టం 2022 జనవరిలో అమల్లోకి వచ్చింది, మాకప్పుడు ఆ రక్షణ లేదు.

2016లో నది దాటి కెనడాలోని విండ్సర్ వచ్చేశాం. అమెరికా వైపున్న డెట్రాయిట్ మేడలు మా ఒడ్డు నుంచి స్పష్టంగా కనిపిస్తాయి. విండ్సర్‌లో కాపురముండే నర్సులు వందల మంది రోజూ ఆవలి ఒడ్డు హాస్పిటళ్లకు డ్యూటీకి వెళ్లొస్తారు.

అమ్మానాన్నలకు పీఆర్ (కెనడాలో శాశ్వత నివాస హక్కు) వచ్చిన మరుసటి ఏడు, ఒక రాత్రి నాన్నకు గుండెల్లో నొప్పి వచ్చింది. అంబులెన్స్ పిలిచాం. తెల్లారేసరికి స్టెంట్ వేసేశారు. నాలుగో రోజు డిశ్చార్జ్ చేస్తుంటే నాన్న చొక్కా జేబులోంచి పర్సు తీసి కౌంటర్ దగ్గర నిలబడ్డారు. ‘డబ్బు ఎక్కడ కట్టాలో అడగరా’ అన్నారు. కట్టక్కర్లేదని చెప్పినా కదల్లేదు. గుంటూరులో మా పెదనాన్నగారి ఆపరేషన్‌కు అర ఎకరం అమ్మిన మనిషి ఆయన. రసీదైనా ఇప్పించమన్నారు. చివరికి మా ఇంటికొచ్చిన బిల్లు ఒక్కటే, అంబులెన్స్‌కు 45 డాలర్లు.

వైద్యం ఖర్చు ప్రభుత్వమే భరించే ఈ ఏర్పాటు కెనడాకు ఊరికే రాలేదు. దీనికి పునాది వేసిన రాజకీయ నాయకుడు టామీ డగ్లస్‌కు చిన్నప్పుడు కాలి ఎముకకు జబ్బు చేసింది. కాలు తీసేయాల్సిందే అనుకుంటున్న సమయంలో ఒక సర్జన్ తన విద్యార్థులకు చూపించడానికి ఉచితంగా ఆపరేషన్ చేసి నిలబెట్టాడు. పిల్లవాడి కాలు అలా అదృష్టం మీద ఆధారపడకూడదని పెద్దయ్యాక డగ్లస్ పట్టుబట్టాడు. ఆయన సస్కాచువాన్ రాష్ట్రానికి ప్రీమియర్‌గా, అంటే ముఖ్యమంత్రిగా ఉండగా ప్రజలందరికీ వైద్య బీమా బిల్లు పెట్టారు, ఆయన తర్వాత వచ్చిన ప్రీమియర్ హయాంలో అది చట్టమైంది. 1962 జులై 1న అది మొదలైన రోజే అక్కడి డాక్టర్లు సమ్మెకు దిగారు. 23 రోజులు సాగింది, ప్రభుత్వం ఆ పథకాన్ని వదల్లేదు. 1966లో దేశమంతటికీ చట్టం చేశారు. 2004లో కెనడా ప్రభుత్వ ప్రసార సంస్థ సీబీసీ పెట్టిన ఓటింగులో ప్రజలు మహా కెనడియన్‌గా ఎన్నుకున్నది ఆయన్నే.

అమెరికాలోనూ ప్రెసిడెంట్ ట్రూమన్ 1945లో జాతీయ ఆరోగ్య బీమా ప్రతిపాదించాడు, నెగ్గలేదు. యుద్ధకాలంలో జీతాలు పెంచకూడదని ప్రభుత్వం కట్టడి చేయడంతో, పనివాళ్లను ఆకట్టుకోవడానికి కంపెనీలు ఇన్సూరెన్స్ ఇవ్వడం మొదలుపెట్టాయి. వైద్యానికీ ఉద్యోగానికీ పడిన ఆ ముడి ఇంకా విడలేదు. 1965లో 65 ఏళ్లు దాటినవాళ్లకు మెడికేర్, పేదలకు మెడికెయిడ్ వచ్చాయి. తక్కిన వాళ్లలో ఎక్కువమంది కంపెనీ ఇచ్చే ఇన్సూరెన్స్ మీదే ఉన్నారు.

ఆ ముడి ఎంత బిగువో మనవాళ్లకు చెప్పక్కర్లేదు. డెట్రాయిట్‌లో నాతో పనిచేసిన కుర్రాడి ఉద్యోగం పోయింది. హెచ్-1బి, అంటే ఉద్యోగం మీద ఉండే వీసా. వేరే ఉద్యోగం వెతుక్కోవడానికి 60 రోజులు. భార్యకు ఏడో నెల. కోబ్రా అనే చట్టం కింద పాత ఇన్సూరెన్స్ ఉంచుకోవచ్చు, కానీ అప్పటిదాకా కంపెనీ కట్టిన వాటా కూడా తనే కట్టాలి. వీసా టెన్షన్ కంటే పురుడు టెన్షన్ ఎక్కువైందన్నాడు. కంపెనీలో అమెరికన్లే చందాలు వేసి మూడు నెలల ప్రీమియం కట్టారు, ఇంటికి వండి పంపారు. వాళ్లకు మనసు లేదని ఎవరైనా అంటే నేనొప్పుకోను. పక్కవాడికి చేతనైనంత చేస్తారు. అదే పని అందరి పన్నులతో ప్రభుత్వం చేస్తుందంటే మాత్రం, మా డాక్టర్ని మేం ఎంచుకునే స్వేచ్ఛ పోతుందంటారు. ఈ అపనమ్మకానికి పెడుతున్న ఖరీదు చాలా ఎక్కువ. అమెరికా జాతీయోత్పత్తిలో 17 శాతానికి పైగా వైద్యానికే పోతోంది. కెనడాకు సుమారు 12 శాతమే అవుతోంది, సగటు ఆయుష్షు కూడా ఇక్కడే ఎక్కువ.

నన్ను ఎంచుకోమంటే ఈ ఒడ్డునే ఎంచుకుంటాను. అలాగని ఇక్కడివాళ్ల ధోరణి నాకు మింగుడుపడటం లేదు. నాన్న మోకాలు అరిగిపోయింది. స్పెషలిస్టును చూడ్డానికి ఎనిమిది నెలలు పట్టింది. ఆపరేషన్‌కు ఇంకో ఏడాది ఆగమన్నారు. మెట్లు ఎక్కలేక నాన్న కింద హాల్లోనే మంచం వేయించుకున్నారు. ఈ మాట పనిచేసే చోట ఎవరికి చెప్పినా ‘అమెరికాలో అయితే ఎంతయ్యేదో తెలుసా’ అంటారు. తెలుసు, కట్టి వచ్చినవాణ్ణే. అయితే అమెరికాతోనే ఎందుకు పోల్చుకోవాలి? 2021లో కామన్వెల్త్ ఫండ్ అనే అమెరికా పరిశోధన సంస్థ 11 సంపన్న దేశాల వైద్య వ్యవస్థలను పోల్చింది. అమెరికాది 11వ స్థానం, కెనడాది 10వది. జర్మనీలో, నెదర్లాండ్స్‌లో కూడా అందరికీ బీమా ఉంది, ఆ పోలికలో ఆ రెండూ మనకంటే చాలా పైన నిలిచాయి. వాటి వంక చూడం. ఆఖరివాడి కంటే పైనున్నామని సంతోషపడుతున్నాం. ప్రభుత్వ వైద్యానికి చూపించే ఆరోగ్య కార్డును జెండాతో సమానంగా చూసుకోవడం మంచిదే. కానీ క్యూ గురించి ఎవరైనా మాట్లాడితే ఆ జెండాను తప్పు పట్టినట్టు ముఖం పెట్టడం మంచిది కాదు.

నాన్న చివరికి గుంటూరు వెళ్లి సొంత డబ్బుతో మోకాలు మార్పించుకున్నారు. వెళ్లిన మూడో వారంలో ఆపరేషన్ అయిపోయింది. ఇక్కడి మన తెలుగు సంఘంలోనే ఇలా వెళ్లొచ్చిన కుటుంబాలు నాకు తెలిసి ఐదున్నాయి.

మేం విండ్సర్ వచ్చిన కొత్తలో ఫ్యామిలీ డాక్టర్ దొరకడానికి ఏడాదిన్నర పట్టింది. తీసుకునే పేషెంట్ల లిస్టు నిండిపోయిందని ప్రతిచోటా అదే మాట. ఆ ఏడాదిన్నరా మా అమ్మాయికి జలుబు మందు కొన్న ఫార్మసీలో కౌంటర్ వెనక ఒకామె ఉండేది. మన ఉగాది సభలో కలిసింది. ఒంగోలు దగ్గర పదకొండేళ్లు ప్రాక్టీస్ చేసిన ఎంబీబీఎస్ డాక్టరట. ఇక్కడి పరీక్షలు పాసైంది. రెసిడెన్సీ (హాస్పిటల్‌లో డాక్టర్ల శిక్షణ) సీటు కోసం మూడోసారి అప్లై చేసి, ఆ జవాబు కోసం చూస్తోంది.